ఆయన కుర్చీలో వార్తలు

నాయనా రవీ, టీవీ స్పీకర్ కాలిపోయిందని పొద్దున భద్రాచలం బస్సెక్కుతూ తేల్చేశావు. అది కాలిపోలేదు.

సాయంత్రం వార్తలకు బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. నీ భార్య సరళ వెదురు గడ మీది యాంటెనా తిప్పి వచ్చింది. నేను సౌండు మొత్తం పెంచాను. అప్పుడు మీ నాన్న ఖాళీ కుర్చీలోంచి సన్నగా ఎవరో గొణుగుతున్నట్టు వినిపించింది.

"స్పీకర్ పోయింది అత్తమ్మా!"

"పోతే మీ మామ కుర్చీల వార్తలు చదివేది ఎవరే?"

సరళ నాలుక కరుచుకుంది. "నిన్న మాసికం గదా అత్తమ్మా, మామయ్యవన్నీ కుర్చీల ఎప్పటి లెక్కనే పెట్టిన."

కళ్లజోడు, పొడుం డబ్బీ, ఇయర్‌ఫోన్. దాని పిన్ను కూడా టీవీకి గుచ్చింది. అది గుచ్చితే స్పీకర్ నోరు మూస్తుంది. ఆయన చెవుడు నుంచి నా చెవులను కాపాడుకోవడానికి కొనిపించింది నేనే కదా!

పీకబోయి ఆగిపోయాను. రేడియో నాటి నుంచీ ఆయన వార్తలకు అడ్డం పడలేదు, ఇప్పుడు మొదలుపెట్టడం బాగుండదనిపించింది. నువ్వైతే పీకేవాడివా?

రేపు వచ్చేటప్పుడు రెండు గజాల వైరు తీసుకురా. ఇయర్‌ఫోన్ నా పీట దాకా అందడం లేదు. ఆయన కుర్చీలో నేను కూర్చోను.