'గివ్ అప్' అనడానికి ఒప్పుకోని మా అన్న

డెబ్బైలలో పురానాపూల్ దగ్గర మా ఇంట్లో పది బర్రెలు, ఒక ఇంగ్లీషు గ్రామరు పుస్తకం ఉండేవి. బర్రెలు మా అన్నవి, పుస్తకం నాది. అన్న పహిల్వాన్. అతని మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అమ్మకు కూడా తెలియదు. గల్లీ చివర తాలీంలో, అంటే మా కుస్తీల అఖాడాలో, అతను తొడ చరిస్తే మూసీ అవతల గాజులు పగిలేవని చెప్పుకునేవారు. చెప్పింది ఎక్కువగా నేనే.

సర్కారు కార్ఖానాలో లేతు మిషను పనికి అన్నకు పిలుపొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. సాహెబులు ఇంగ్లీషులో రెండు ముక్కలు అడుగుతారని ఎవరో భయపెడితే, పీట వేసుకుని నా ముందు కూచున్నాడు. 'గివ్ అప్'తో మొదలుపెట్టాను. బీడీని గివ్ అప్ చేస్తే మానేయడం, బస్సులో ముసలమ్మకు సీటు గివ్ అప్ చేస్తే వదిలివ్వడం, కొట్లాటలో గివ్ అప్ చేస్తే ఇక నావల్ల కాదని లొంగిపోవడం అన్నాను. మొదటి రెండూ బుద్ధిగా రాసుకున్నాడు. మూడోదానికి పెన్ను రెండు ముక్కలైంది.

"అంటే ఓడినట్టేనా?"

"గంతే అన్నా."

"గీ మాట నాకొద్దు. మనింట్ల ఎవ్వడన్న అన్నడా గిట్ల?"

ఆదివారం పొద్దున యాకుత్‌పురా పహిల్వాన్ ఒకడు తాలీంకు వచ్చి కుస్తీకి పిలిచాడు. మర్నాడు ఇంటర్వ్యూ పెట్టుకుని ఇదేందని అమ్మ వాకిట్లో అడ్డం నిలబడినా అన్న ఆగలేదు. ఎర్రమట్టిలో ఇద్దరూ రెండు లారీల్లా గుద్దుకున్నారు. వాడి పెదవి చిట్లింది, అన్న కనుబొమ్మ పగిలింది. నెత్తురూ మట్టీ కలిసి ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమైంది. అంతలో వాడు అన్నను బోర్లా పడేసి కుడిచెయ్యిని వీపు మీదికి మెలిపెట్టాడు. ఆ చెయ్యి లేకపోతే లేతు పని లేదు.

మా తాలీంలో ఓటమి నోటితో చెప్పరు. అరచేత్తో మట్టిని మూడుసార్లు తట్టాలి. తట్టేదాకా పట్టినవాడు వదలడు, తాలీం నడిపే ఉస్తాదు విడిపించడు. అన్న ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. తట్టడు. భుజంలో ఎండుకట్టె విరుగుతున్న చప్పుడు మొదలైంది. నాకైతే చార్మినార్ కూలుతున్నంత గట్టిగా వినిపించింది.

తట్టమని బతిమాలాను. నోర్ముయ్ అన్నాడు, మట్టి ఉమ్ముతూ.

చెప్పులతోనే మట్టిలోకి దూకాను. తాలీంలో అంతకు మించిన పాపం లేదు. అన్న పక్కన బోర్లా పడి, నా అరచేత్తో మూడుసార్లు తట్టాను. యాకుత్‌పురావాడు బిత్తరపోయి ఉస్తాదు వైపు చూశాడు. ఉస్తాదు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తమ్ముడు తట్టిండు. ఒకటే నెత్తురు గదా. ఛోడ్ దే బేటా."

వాడు వదిలాడు. అన్న లేచి కుడిచెయ్యిని పైకెత్తాడు, దించాడు, వేళ్లు ముడిచి తెరిచాడు. చెయ్యి బాగానే ఉందా అని అడిగాను.

ఆ చేత్తోనే కొట్టాడు. మర్నాడు అతను ఇంటర్వ్యూకు బయల్దేరేటప్పటికి కూడా నా ఎడమచెవిలో రైలు కూస్తూనే ఉంది.