మద్దిచెట్టు తొర్రలో చప్పుడు లేదు

చెట్టు కొట్టే ముందు గొడ్డలి వెనక్కి తిప్పి మాను మీద గట్టిగా బాదాలని కొండల్‌కు వాళ్ల బాపు నేర్పాడు. లోపల ఉడుతో గూబో ఉంటే బయటికి ఉరుకుతుంది, ఆ చెట్టును వదిలేస్తారు. చెట్ల నరికివేత చట్టం మార్చి అడవి జీవాలకు కాస్త రక్షణ పెడదామని మంథనిలో అధికారులు సభ పెడితే, మైకు ముందు కొండల్ ఈ పద్ధతే చెప్పాడు. వాళ్లకు తెగ నచ్చింది, ముసాయిదాలో రాసుకున్నారు. ఆ వారమంతా మనవాడు నేల మీద నడిస్తే ఒట్టు!

ఎండలు ముదిరాక జగన్మోహన్‌రావు తన చేను గట్టున ఉన్న నల్లమద్దిని కొట్టమని పిలిచాడు. ఆయన దగ్గర పర్మిట్ ఉంది. చెట్టులో ఎవరున్నారని అడిగే చట్టమే ఇంకా రాలేదాయె! కొండల్ మాను బాదాడు. ఏదీ కదల్లేదు. సరేనని రంపం మిషన్ పెట్టాడు. సగం కోశాక, కొమ్ముముక్కు పిట్ట ఒకటి పండు పట్టుకుని వచ్చి పైన తొర్ర దగ్గర వాలింది. తొర్ర మూతి మట్టితో పూడ్చి ఉంది. మిగిలిన సన్నటి సందులోంచి ఇంకో ముక్కు బయటికొచ్చి ఆ పండు అందుకుంది.

కొండల్ మిషన్ ఆపేశాడు. ఆడపిట్ట తనను తాను లోపల మూసుకుని పిల్లల్ని సాకుతోంది. ఎంత బాదినా అది ఎలా వస్తుంది?

"ఆపినవేందిరా?" అన్నాడు జగన్మోహన్‌రావు.

"లోపట పిట్ట ఉంది దొరా."

"బాదితే ఏం రాకుంటె కొట్టుడే అని సభల చెప్పింది నువ్వే గదా!"

"చెప్పిన దొరా. తప్పు చెప్పిన."

అంతలో గాలి లేచింది. కోత దగ్గర మాను కిర్రుమంది. కొండల్ మోకుతాడు అందుకుని పై కొమ్మల మీదికి విసిరాడు, గాలికి ఎదురుగా కాళ్లు తన్నిపట్టి లాగాడు. చప్పుడు లేదని ఇన్నేళ్లుగా తాను పడగొట్టిన చెట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మోకు జారుతోంది. వెనక నుంచి ఇంకో రెండు చేతులు దాన్ని పట్టుకున్నాయి.

"ఏడుస్తవేందిరా, గట్టిగ గుంజు!" అన్నాడు జగన్మోహన్‌రావు. ఇద్దరూ కలిసి మోకును పక్కనున్న చింతచెట్టుకు బిగించారు. "రెక్కలొచ్చేదాకనే! తెల్సిందా?"

తర్వాతి సభలో కొండల్ మళ్లీ మైకు పట్టుకున్నాడు.

"నేను చెప్పింది తీసెయ్యుండ్రి సారు. పిట్టలు పిల్లల్ని వెట్టే కాలంల చెట్టే ముట్టొద్దని రాయుండ్రి."

"ఎండాకాలమే కదా నీకు పని ఉండేది. ఏం తింటావు?" అన్నాడు అధికారి.

కొండల్ ఒకసారి తల తిప్పి చూశాడు. వెనక కూర్చున్న చెట్లు కొట్టేవాళ్లంతా అతన్నే చూస్తున్నారు.

"మాకు నోరుంది సారు, పని ఇయ్యుమని మిమ్మల్ని అడుగుతం. గా తొర్రల ఉన్నది ఎవల్ని అడుగుతది?"