మా అక్క చెవి

రాయిని వేలితో తట్టి మంచిచెడ్డలు చెప్పగలడని మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నాకు ఇరవై ఏళ్లుగా పేరుంది. ఆ పేరు నాది కాదు. మా అక్కది.

మేమిద్దరం ఒకేసారి అక్కడ పనికి చేరాం. నేను డిగ్రీ చదివినవాణ్ణి. అక్క బడి మొహం ఎరగదు. బస్సు ఏ ఊరిదో కూడా ఎవరినో ఒకరిని అడిగే ఎక్కేది. బండలను పొరలుగా చీల్చేచోట ఆమెది కూలి పని. ప్రతి బండనూ వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, కొన్నింటిని పక్కకు నెట్టేది. వాటిని ఎవరైనా చీలిస్తే నడిమికి విరిగేవి. ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"మంచి రాయి పలుకుతాది. లోపల పగులుంటే గొణుగుతాదిరా."

చదువురాని మాటలే అని నవ్వేశాను.

ఒకరోజు యజమాని వచ్చి, విరిగే బండలను ముందే ఏరిపెట్టింది ఎవరని అడిగాడు. అక్క నీళ్లు తాగడానికి పోయింది. నేనే అని చెప్పాను. ఆ నెలలోనే నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. అక్కకు సంగతి తెలిసింది. ఆ తర్వాత కూడా కూలి మనిషిగానే ఉండి, నా కోసం బండలు ఏరుతూ వచ్చింది.

పోయిన వేసవిలో యజమాని కొడుకు నాకు రెండు పనులు చెప్పాడు. కొత్తగా చేరినవాళ్లకు నా విద్య నేర్పాలి. వయసు మీదపడిందని అక్కను పనిలోంచి మానిపించాలి. కొత్తవాళ్ల ముందు నిలబడి బండలు తట్టి చూశాను. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

"నాకు రాదయ్యా. ఏరేది మా అక్క. ఆనాడు మీ నాయనకు అబద్ధం చెప్పినా."

అతను కోప్పడలేదు. అక్కను పిలిపించి ఐదు బండలు ముందు పెట్టించాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని తట్టి, రెండింటిని నెట్టేసింది. చీల్చి చూస్తే ఆ రెండే విరిగాయి. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అతను అడిగాడు.

"ఆ పేరు గూడా తీసేస్తే వానికింకేముంది నాయనా?"

అందరూ నవ్వారు. నేను తల వంచుకున్నాను.

ఇప్పుడు నేర్పే పని అక్కదే, నెలజీతం మీద. మొదటిరోజు ఒకమ్మాయి నోటు పుస్తకం తెరిచి కూర్చుంది. "అది ఆడ పెట్టి చెయ్యి ఇట్లియ్యమ్మా" అని, అక్క ఆ పిల్ల వేళ్లను రాయి మీద ఆనించింది. వెనక నిలబడిన నన్ను కూడా రమ్మంది.

వెళ్లి కూర్చున్నాను. నాలుగింటిలో మూడు తప్పు చెప్పాను.