ఉంగుటూరు సోడా బట్టీ దగ్గర భోజనం

ఆ మధ్యాహ్నం ఉంగుటూరులో కుండల బట్టీ దగ్గర ఉన్నవి: రెండు గ్యాస్ బర్నర్లు, చివరి సిలిండరు, బకెట్లో కలిపి ఉంచిన చాకలి సోడా నీళ్లు, వాటితో పాటు నేను, కుండలు చేసిన సువార్తమ్మగారు, ఆవిడ భర్త ప్రసాదుగారు. బట్టీ కట్టడానికే నేను ఆదిలాబాద్ నుంచి వచ్చాను. లోపల ఆవిడకు వచ్చిన మొదటి ఆర్డరు ఉంది. వేడి 1,240 డిగ్రీలకు చేరాక సోడా నీళ్లు చల్లితే, ఆ ఆవిరే కుండల మీద గాజుపూత అవుతుంది. అప్పటికి 1,215. మిగిలిన గ్యాసు ఆ పాతిక డిగ్రీలకే చాలుతుంది.

“ఏవండీ, కూర చల్లారిపోతోంది, రండి,” అన్నారు సువార్తమ్మగారు నాతో.

“కాసేపు ఆగండమ్మా.”

“ఇంటికొచ్చిన మనిషిని పస్తుంచి పని చేయించుకుంటారా ఎవరైనా? ఆయన చూస్తార్లెండి.”

మా వైపు పని మధ్యలో నిలబడే నాలుగు ముద్దలు తినేస్తాం. ఇక్కడ కూర్చోక తప్పలేదు. లేవబోయిన ప్రతిసారీ కంచంలో ఇంకో గరిటె రొయ్యల కూర పడింది. ఇంతలో ప్రసాదుగారు కూడా వచ్చి తీరిగ్గా పక్కన కూర్చున్నారు.

“మరి మంట?” అన్నాను.

“తగ్గించేశానండీ. మీ కళ్లన్నీ అటే ఉన్నాయి, ముద్ద ఎలా దిగుతుంది? నిదానంగా తినండి.”

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. మీటరులో 1,060.