నోరూరే మాట

మా అత్త పోయిందన్న కబురు పాలకోడు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. తమిళనాడు ధర్మపురిలో మా ఇల్లు బస్టాండు వెనకే గనక ఊరి కబుర్లన్నీ మాకు అట్లాగే చేరతాయి. మెడలో సంచి తీయకుండానే వాకిట్లో నిలబడి, మహేంద్రమంగళంలో, ఊరంతా పెద్దమ్మ అని పిలిచే మా అత్త, తెల్లవారి ప్రార్థనకు మోకరించి అట్లాగే పక్కకు ఒరిగిపోయిందని, బాధ పడలేదని, మమ్మల్ని వెంటనే రమ్మన్నారని తమిళంలో చెప్పాడు. చెప్పి, నాకంటే ముందు తనే ఏడ్చాడు. ఆ దారి బస్సుల్లో మా అత్త నోటికి చిక్కకుండా తప్పించుకున్న కండక్టరు లేడు మరి.

మేము పోయేసరికి ఇల్లు నిండిపోయి ఉంది. ఆవిడ తల దగ్గర పక్కింటావిడ కూర్చుని జుట్టు దువ్వుతోంది. కోడల్ని నేనున్నాను, కన్న కూతుళ్ళు ఉన్నారు, అయినా దువ్వెన ఎవరి చేతికీ ఇవ్వలేదు. మా వదిన తల చిక్కు తీసేది మీకెవరికీ తెలీదు పోండి అని మమ్మల్ని కసిరింది. వాళ్ళది మా మతం కాదు, మా కులమూ కాదు. ఆ వదిన వరస ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా అత్తను తలుచుకుంటే నాకు ఏడుపు తక్కువ, నవ్వెక్కువ వస్తుంది. ఆ రోజు ఇంట్లోనూ అంతే. ఒకరు ఆవిడ మాట ఒకటి ఎత్తుకునేవారు, ఏడుస్తున్నవాళ్ళంతా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. సమాధి ప్రార్థన చేయవలసిన పాస్టరుగారు కూడా మధ్యలో ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. అది ఏడుపుకో నవ్వుకో ఎవరూ అడగలేదు.

నేను కుప్పం వైపు నుంచి మహేంద్రమంగళంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చాను, ధర్మపురికి మారేదాకా అక్కడే ఉన్నాను. అందుకే నాకు తెలుగు అక్షరాలు వచ్చు. మా అత్తకు ఏ అక్షరాలూ రావు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. చర్చిలో పాట, వాక్యం, ప్రసంగం అన్నీ తమిళమే. ఆదివారం విన్న ప్రసంగాన్ని ఆవిడ ఇంటికొచ్చి, రాగిసంగటి కెలుకుతూ, మళ్ళీ తెలుగులో మాకు చెప్పేది. పాస్టరుగారు ముప్పావు గంట చెప్పింది ఈవిడ నోట్లో రెండు గంటలయ్యేది. అందులో పాస్టరుగారు చెప్పనివి కూడా బోలెడు ఉండేవి.

మాట్లాడటం ఆవిడకు ప్రాణం. అదే ఆవిడ శోధన, అంటే సైతాను పెట్టే పరీక్ష, అని ఆవిడకు బాగా తెలుసు. ఎవరి శోధన ఏదో వాళ్ళు తెలుసుకుంటే సగం గెలిచినట్లే అనేది. "నాకు కల్లు వద్దు, బంగారం వద్దు. సైతానుకు నా దగ్గర ఒకటే వాకిలి ఉండాది, అది ఈ నోరు" అని నోరు తెరిచి చూపించేది.

మా వైపు ఎండలు ముదిరితే చింతపండు పని మొదలవుతుంది. ఆడవాళ్ళంతా ఎవరిదో ఒకరి వసారాలో చేరి, బండ మీద కాయ పెట్టి కొయ్యసుత్తితో కొట్టి, పెంకు తీసి, గింజ తీసి, పండు ఒకపక్క వేస్తూ పోతారు. చేతులు చింతపండు మీద ఉంటాయి, నోళ్ళు ఊరి మీద ఉంటాయి. ఎవరింట్లో ఏ కుండ పగిలిందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. మా అత్త అక్కడికి పోవడం మానలేదు, పని మానితే ఎట్లా. కానీ ఒక ఉపాయం చేసింది. ఎవరి మీదైనా మాట నాలుక మీదికి వచ్చిందంటే గబుక్కున ఒక చింతగింజ తీసి బుగ్గన పెట్టుకునేది. గింజ నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, అదీ ఆవిడ ఒట్టు. ఊరంతా దీన్ని పట్టేసింది. ఆవిడ బుగ్గ ఉబ్బితే చాలు, "అదో, పెద్దమ్మ దగ్గర ఏదో ఉంది" అని మిగిలినవాళ్ళు పని ఆపి ఆవిడ వైపే చూసేవారు. ఆవిడ కళ్ళు తిప్పేది, తల తిప్పేది, ఉక్కిరిబిక్కిరయ్యేది, గింజ మాత్రం ఉమిసేది కాదు.

ఏ మాట చెప్పవచ్చో ఏది కూడదో ఎట్లా తెలుస్తుందత్తా, నిజమైతే చెప్పవచ్చు కదా అని కొత్తలో ఒకసారి అడిగాను. "నిజమూ అబద్ధమూ కాదు పాపా. చెప్పేముందు నోరూరిందా లేదా చూసుకో. నోరూరిందంటే అది మింగేసేయల్ల" అంది. ఇంత తేలికపాటి కొలత నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు.

నోరంటే మాట ఒక్కటే కాదు లెండి, బెల్లం కూడా. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో తీపి ముట్టనని మొక్కుకునేది. బెల్లం కుండ నా చేతికిచ్చి, ఎక్కడ దాచావో నాకు చెప్పొద్దని ఆన పెట్టేది. మధ్యాహ్నం దాటగానే నా చుట్టూ తిరగడం మొదలు. కుండకు మూత సరిగా పెట్టావా, చీమలు పడతాయేమో, ఒక్కసారి చూసి వస్తాను, ఎక్కడుంది అని. నేను ఆవిడ మొహంలోకి చూసేదాన్ని. ఒక్క క్షణానికి ఆవిడకే తెలిసిపోయేది. అక్కడే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వేది. "చూసినావా, చీమల పేరు చెప్పుకొని వచ్చినాడు సైతాను. వాడి పేరు చెప్పుకొని యాడ వస్తాడు?"

ఇక పక్కింటావిడ సంగతి. నేను ఈ ఇంటికి రాకముందే వాళ్ళ మేకలు తాడు తెంపుకుని వచ్చి మా టమాటా నారంతా మేసేశాయి. మర్నాడు నాటవలసిన నారు. మా మేకలు కావు పొమ్మని ఆవిడ అంది. అన్నది చాలక, ఆదివారం చర్చికి పోయేది దేవుడి కోసమా, కొత్త చీర చూపించుకునేదానికి కాదా అని వీధిలో నిలబడి కేకలు పెట్టింది. నారు పోయిన సంగతి మా అత్త మూడో నాటికి మరిచిపోయింది. చీర మాట మాత్రం ముల్లులా దిగింది. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. నడుమ గోడ నడుము ఎత్తు కూడా లేదు, అయినా ఇటు బట్టలు ఆరేసేటప్పుడు అటు వీపు పెట్టుకుని ఆరేసేవాళ్ళు.

ఒక ఎండాకాలం పక్కింట్లో పొద్దుటి నుంచే హడావుడి. వాకిలి అలికి ముగ్గు వేశారు. కేసరి వాసన మా వంటింట్లోకి వచ్చింది. పిల్లను చూడటానికి పిక్కిలి నుంచి వస్తున్నారని ఊరంతా తెలిసినదే. ఆ పిల్లకు అంతకు ముందు వచ్చిన ఒకటి రెండు సంబంధాలు కుదరలేదు, తండ్రి లేడు. ఇదీ పోతే ఇంకొకటి రావడం కష్టమని పక్కింటావిడ గోడ అవతల ఎవరితోనో అంటూ ఉంటే నేనే విన్నాను.

మా వైపు ఒక అలవాటుంది. మగపిల్లవాడి తరఫువాళ్ళు ఆడపిల్ల ఇంటికి నేరుగా పోరు. ముందు పక్కింట్లో మంచినీళ్ళు అడుగుతారు. నీళ్ళు సాకు, పిల్ల ఎట్లాంటిదో కనుక్కోవడం అసలు పని. ఆ రోజూ పిల్లవాడి మేనమామ, ఆయన భార్య మా వాకిట్లోకి వచ్చి నీళ్ళడిగారు. మా అత్త వసారాలో చింతపండు ముందు కూర్చుని ఉంది. నేను చెంబు అందించాను.

"అక్కా, మీ పక్కింటి పిల్లను మావాడికి అడగల్లని వచ్చినాము. మీ కండ్ల ముందర పెరిగిన బిడ్డ. ఎట్లాంటిది?" అని మేనమామ భార్య అడిగింది.

ఆ పిల్ల గురించి మా అత్తకు ఒక సంగతి తెలుసు. పాలకోడు పోయినప్పుడు ఎక్కడో కళ్ళారా చూసింది. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అదేమిటో ఇక్కడ రాయను, రాయడానికి నాకు తెలియదు కూడా. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆవిడ చెప్పింది ఒకటే: వయసుపిల్ల తెలివితక్కువతనం, ఆ పొద్దే తప్పు తెలుసుకొని సరిదిద్దుకుంది, అది పెండ్లికి అడ్డొచ్చే సంగతి కాదు, కానీ నోటితో చెప్తే అడ్డొచ్చేది. మీకూ తెలుసుకోవాలని ఉంది కదూ? నాకు ఇప్పటికీ ఉంది.

మా అత్త చటుక్కున చింతగింజ బుగ్గన పెట్టుకుంది. వాళ్ళు ఇంకోసారి అడిగారు. ఆవిడ తల వంచుకుని చింతకాయ కొట్టింది. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. పక్కింటివాళ్ళు మంచి చెప్పకుండా నోరు మూసుకున్నారంటే దానికి అర్థం ఏమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. "సరే అక్కా, అర్థమయింది" అని చెంబు కింద పెట్టారు. పక్కింటి ముగ్గు తొక్కకుండా, ఆ వాకిలి వైపు చూడనైనా చూడకుండా, బస్సు ఆగే చోటికి నడిచిపోయారు.

మా అత్త వాళ్ళ వీపుల వైపు చూస్తూ కూర్చుంది. పెదవుల కొసన చిన్న నవ్వు. అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. గింజ చేతిలోకి ఉమిసింది.

"నోరూరింది పాపా" అంది.

మీరేమన్నారత్తా, ఒక్క మాటైనా అనలేదే అన్నాను.

"అనలేదు. అనకుండానే ఆ బిడ్డ బతుకు తీసినాను. గింజ పేరు చెప్పుకొని వచ్చినాడు వాడు. వాళ్ళు వెనక్కి పోతా ఉంటే నాకు చక్కెర తిన్నట్ల ఉండింది."

అని లేచింది. మా అత్త భారీ మనిషి. పెళ్ళి ఊరేగింపులో కూడా అందరికంటే వెనక వచ్చే మనిషి. ఆ మనిషి కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చెప్పులైనా వేసుకోకుండా, మిట్టమధ్యాహ్నం వీధిలో పరుగెత్తింది. నేను వెంట పరుగెత్తాను. కుక్కలు మా ఇద్దరి వెంటా పరుగెత్తాయి. మేము పోయేసరికి బస్సు వచ్చి నిలబడి ఉంది, వాళ్ళిద్దరూ ఎక్కి కూర్చున్నారు. దిగండి దిగండి అంటూ మా అత్త మెట్లెక్కింది. కండక్టరు, ఈవిడ కూడా ఎక్కేదే అనుకుని ఈల వేశాడు. బస్సు మా అత్తను తీసుకుని పోయింది. నేను దుమ్ములో నిలబడిపోయాను.

లోపల ఏం జరిగిందో కండక్టరు తర్వాత అందరికీ చెప్పాడు, ఆవిడైతే బతికినంతకాలం చెప్పింది. నడుమ కమ్మీ పట్టుకుని నిలబడి, బస్సంతా వినేటట్లు వాళ్ళతో ఇట్లా అందట: "నేను ఆ యింటికి పగదాన్ని. ఆ యమ్మతో నాకు మాటల్లేవు. సొంతవాళ్ళు చెప్పే మంచిని మీరు నమ్మొద్దు, పగదాన్ని చెప్తా ఉండాను వినండి. నాకు జ్వరమొచ్చి పడుకుంటే వాళ్ళమ్మకు తెలీకుండా గోడ మీద నుంచి గంజి అందించిన బిడ్డ అది. కండ్లు కనపడని అవ్వకు తల దువ్వి బువ్వ పెట్టిన బిడ్డ. ఇందాక నేను పలకనిది దాని తప్పు కాదు, నా తప్పు." అంతా అయినాక, ఊపిరి ఆడక, టికెట్టు అడిగిన కండక్టరుతో కూడా పోట్లాడిందట. చక్కెర మిల్లు దగ్గర వాళ్ళిద్దరూ ఆవిడతోపాటు దిగారట.

ఇక్కడ నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి పక్కింటి వాకిలి మూసి ఉంది. వాళ్ళు మా ఇంట్లో నీళ్ళు తాగి అట్నుంచి అటే పోవడం పక్కింటావిడ చూసింది. లోపల నుంచి ఏడుపు వినిపిస్తోంది. అది తల్లిదో కూతురిదో తెలియలేదు. మా వాకిట్లోనే నిలబడ్డాను.

చాలాసేపటికి చక్కెర మిల్లు వైపు నుంచి ట్రాక్టరు చప్పుడయింది. చెరకు దింపి ఖాళీగా తిరిగొస్తున్న ట్రాక్టరు. వెనక ట్రక్కులో పిక్కిలి మేనమామ, ఆయన భార్య పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మా అత్త ముందు కమ్మీ పట్టుకుని నిలబడి, డ్రైవరుతో ఏదో గట్టిగా చెబుతోంది. జుట్టు నిండా ఎండు చెరకాకు. ట్రాక్టరు పక్కింటి ముందు ఆగింది. ఇంజను చప్పుడు మీదుగా ఆవిడ గొంతు వీధంతా వినిపించింది.

"వదినా, చుట్టాలొచ్చినారు. వాకిలి తియ్యి."

ఏడుపు ఆగింది. లోపల గడియ కదిలింది. అప్పటికే మా అత్త ఒక కాలు ట్రక్కు బయట పెట్టి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, కమ్మీ పట్టుకుని వేలాడుతూ నవ్వుతోంది. పక్కింటావిడ బయటికి వచ్చింది. చుట్టాల వైపు చూడలేదు, పలకరించలేదు. తడి మొహం తుడుచుకోకుండానే ముగ్గు మీదుగా నడిచి వచ్చి, రెండు చేతులూ చాచి, ముందు మా అత్తను దించుకుంది.