మిద్దె మీద నాలుగు రాడ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దొంగలెవరూ లేరు గానీ, మా తాత లెక్కలో మాత్రం అందరూ దొంగలే. పాలు పోసే ఆమె చెంబు వంచి అడుగు చూసేవాడు. చాకలి తెచ్చిన పంచెను ఎండకు ఎత్తి పట్టి, ఇది మనదేనా అని అవ్వను అడిగేవాడు. తిరుచానూరు నుంచి పూలు తెచ్చే ముసలామె మూర వేస్తుంటే పూలు చూడడు, ఆమె మోచేయినే గుడ్లప్పగించి చూస్తాడు. రేణిగుంటలో రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చూపులో సుత్తి దెబ్బ ఉండేది. "పెండ్లిలో తెర తియ్యకముందే, మాట్లాడుకున్న పిల్ల ఇదేనా అని తొంగి సూసినాడు మీ తాత" అని అవ్వ మమ్మల్ని నవ్వించేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు, చూస్తే తప్పేముంది అనేవాడు.

మా చిన్నాయనకు కార్ల పిచ్చి. మద్రాసులో ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారొకటి కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, నేలకు బెత్తెడు ఎత్తు, ఎర్ర రంగు. ఇంతోటి దానికి సైకిలు సాలదా అని అవ్వ ముక్కున వేలేసుకుంది. తాత బండి చుట్టూ రెండు చుట్లు తిరిగి, కింద పడుకుని చూసి, దుమ్ము దులుపుకుంటూ లేచి, "పైన పటారం లోన లొటారం" అన్నాడు. అన్నట్టే అయింది. నాలుగు రోజులు తిరిగేసరికి, మలుపు తిప్పితే బండి వెనక భాగం ఒక పక్కకు జరిగిపోవడం మొదలుపెట్టింది.

వెనక చక్రాల ఇరుసును బండి ఒంటికి పట్టి ఉంచే రాడ్లు నాలుగుంటాయి, పక్కకు రెండు. లింకు రాడ్లంటారు. అవి తుప్పు తిని, ఒకటి వంగి, ఒకటి బీటలు వారి ఉన్నాయి. మద్రాసంతా గాలించినా ఆ సామాను దొరకలేదు. ఆ బండి చేసిన దేశంలోనే దాన్ని చేయడం మానేశారట. చిన్నాయనేమో ఆ బండిలో మా చిన్నమ్మను కొండకు తీసుకొస్తానని స్వామికి మొక్కుకుని కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు మలుపులో ఒక్క రాడ్డు తెగినా ఇరుసు పక్కకు తిరుగుతుంది. ఆ తర్వాత బండి పోయేది లోయలోకే.

అప్పుడు చిన్నమ్మ అన్న ముందుకొచ్చాడు. రేణిగుంట రోడ్డులో ఆయనకు వెల్డింగు షెడ్డు ఉండేది, మేం షెడ్డు మామ అనేవాళ్లం. మంచి గట్టి గొట్టం కోసి, రెండు కొసలా బోల్టు దూరే కన్నులు అతికించి, కొత్త రాడ్లు నేనే చేసిస్తా బావా అన్నాడు. నాకు ఆ మామంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు. చిన్నమ్మ ముఖం ఎంత వెలిగిందో! పుట్టింటి చేతి పని అత్తింటి బండిలో తిరుగుతుందంటే ఏ ఆడపిల్లకు గర్వం ఉండదు?

మా తాత ఊరుకుంటాడా? మరునాటి నుంచి షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గొట్టం యాడ కొన్నావు, లోపల తుప్పుందా, మంట ఎందుకు తగ్గించినావు, ఆ పొద్దు కొలిచిన పొడుగే ఈ పొద్దూ ఉండాదా. మామ మొదట నవ్వుతూ చెప్పాడు, తర్వాత నవ్వకుండా చెప్పాడు, ఆ తర్వాత చెప్పడమే మానేశాడు. మూడు రాడ్లయ్యాక తాత లేచి పంచె ఎగ్గట్టి, "నాలుగోది నేను జేస్తా, పక్కకు జరగప్పా. పనంటే ఎట్లుంటాదో సూడు" అన్నాడు. చేశాడు కూడా. తన రాడ్డు మామ రాడ్లలో కలిసిపోకుండా ఉలితో దాని మీద ఒక గాటు పెట్టుకున్నాడు. రేపు ఏదన్నా తెగితే ఎవరి చేతిది తెగిందో తేలాలి కదా, అదీ ఆయన ముందుచూపు.

నాలుగూ ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. బిగించేముందు పరీక్ష చేయాలని తాత పట్టుబట్టాడు. రైలు ఇరుసులకు వాళ్ల షెడ్డులో చేసే పరీక్షేనట. రాడ్లను తొట్టిలో కిరసనాయిలు పోసి నానేసి, పొద్దున తీసి గుడ్డతో పొడిగా తుడిచాడు. తర్వాత అవ్వను ముగ్గుపిండి అడిగాడు. అతుకులో కంటికి కనపడని బీట ఉంటే కిరసనాయిలు అందులోకి దూరి ఉంటుంది, పైన తెల్లగా పూసి ఆరబెడితే అది బయటికి ఊరి నల్లగా గీత పడుతుంది. ఇది ఆయన వివరం. అవ్వకు అదేం ఎక్కలేదు. "వాకిట్లో వేసే ముగ్గుపిండి ఇనుముకు పూస్తావా? మతి పోయినాదా నీకు?" అని డబ్బా వెనక్కి లాక్కుంది. ఆయన ఇంకా గట్టిగా లాక్కున్నాడు.

చిన్నమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అన్న పనిని ఊరందరి ముందు అనుమానిస్తారా, ఇంక నేను పుట్టింటికి ఏ ముఖం పెట్టుకుని పోయేదని. కబురందుకుని షెడ్డు మామ వచ్చాడు. గడప లోపలికి రాలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. "పూయి మామా, బాగా పూయి. గీత పడితే షెడ్డుకు తాళం ఏసి పోతా. పడకపోతే మాత్రం మళ్లా మీ ఇంటి వాకిలి తొక్కను" అన్నాడు. మాట వణికింది. నిజం చెప్పాలంటే ఆ వణుకు చూసి నాకే అనుమానం పుట్టింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఈ మామ ఎందుకింత ఇదైపోతున్నాడు? మా తాత గాలి నాకూ సోకింది మరి.

ముగ్గుపిండి నీళ్లలో కలిపి పూసిన రాడ్లను మిద్దె మీద ఎండలో వరసగా పెట్టాడు తాత. కాకి వాలకుండా చూడమని నన్ను కూర్చోబెట్టాడు. కింద నాయన, చిన్నాయన, గోడకానుకుని షెడ్డు మామ. పిండి ఆరి తెల్లబడ్డాక తాత వచ్చి గొంతుక్కూర్చుని ఒక్కో రాడ్డును చిన్న సుత్తితో తట్టి, కళ్లజోడు సర్దుకుని అతుకు చుట్టూ తిప్పి చూశాడు. మొదటిది తెల్లగా ఉంది. రెండోది అంతే. మూడోదాన్ని మూడుసార్లు తిప్పాడు, పాపం ఆశ చావలేదు. అదీ మల్లెపువ్వే.

నాలుగోది చేతిలోకి తీసుకున్నాడు, తట్టాడు. కన్ను పక్కనే, అతుకు వెంబడి, వెంట్రుకంత సన్నగా ఒక నల్ల గీత నిదానంగా లేచి నిలిచింది. రాడ్డు నడుమ ఉలిగాటు ఉంది.

తాత కదల్లేదు. ఆయన బొటనవేలు లేచింది. ఒక్కసారి అలా రుద్దితే చాలు, పిండి రాలిపోతుంది, గీతా పోతుంది. కిందనున్న వాళ్లకేం తెలుస్తుంది? ఆ బండిలో కూర్చునేది చిన్నాయన, చిన్నమ్మ. తాత నా వైపు చూశాడు. నేను ఆయన వేలినే చూస్తున్నాను, పూలామె మోచేతిని ఆయన చూస్తాడే, అట్లా. తుడిచేస్తాడు, తప్పకుండా తుడిచేస్తాడు అనుకున్నాను. అంత భయం నాకు పాముని చూసినా వేయలేదు.

ఆయన వేలు దించి పిట్టగోడ దగ్గరికి నడిచాడు. పక్క వీధికి కూడా వినపడేంత గొంతుతో, "ఒరేయ్, అందురూ పైకి రాండి! అబ్బోడా, నువ్వు ముందు రాప్పా!" అని కేకేశాడు. షెడ్డు మామ ముఖం పాలిపోయింది, ఉరికంబం ఎక్కినట్టు మెట్లెక్కాడు. తాత రాడ్డు ఆయన చేతిలో పెట్టి గీత చూపించాడు, గాటు చూపించాడు. "నీయి మూడూ బంగారం. ఇది నాది. నా కొడుకును, నీ చెల్లెల్ని నేనే సంపుకుని ఉందును" అన్నాడు. ఆ మాటంటూ ఆయన కళ్లు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. కోపమంతా పెట్టుకుని వచ్చిన మామ రాడ్డును తిప్పి చూస్తూ, "వయసుకు సెయ్యి వణికుంటాది మామా, అంతే" అన్నాడు. "వణికింది సెయ్యి కాదులే, పొగరు" అన్నాడు తాత. చిన్నమ్మ మెట్ల మీదే నిలబడి మళ్లీ ఏడ్చింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా.

తాత తన రాడ్డును ఇంట్లోని వైసు పట్టకారులో బిగించి సుత్తితో కొడితే కన్ను ఊడి వాకిట్లో దొర్లింది. నాలుగోది షెడ్డు మామే చేశాడు. చేసి తనే కిరసనాయిల్లో నానేసి, తనే అవ్వను ముగ్గుపిండి అడిగాడు. ఈసారి అవ్వ మాట్లాడకుండా ఇచ్చింది. చిన్నాయన, చిన్నమ్మ కొండకు పోయి లడ్డూలతో తిరిగొచ్చారు. షెడ్డు మామ మా ఇంట్లో అన్నం తిన్నాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. మా తాత మారిపోయాడని చెప్పను. మరునాడే పాలామె చెంబు వంచి చూశాడు, ఆమె తిట్టుకుంటూ పోయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తిరుపతిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న నా బీపీ మాత్రలు తారుమారై తల తిరిగింది. పూటకొక అర ఉన్న డబ్బాలో వాటిని సర్దేది కోడలు. ఏమ్మా, నన్ను పైకి పంపించేద్దామనా అని నోటిదాకా వచ్చింది. మింగి, కళ్లజోడు పెట్టుకుని డబ్బా ముందేసుకుని చూశాను. ముందురోజు టీవీ చూస్తూ ఉదయం మాత్రలు తీసి రాత్రి అరలో పోసింది నేనేనని గుర్తొచ్చింది. గదిలో ఎవరూ లేరు. మాత్రల అర మార్చేసి మూత పెట్టేస్తే అయిపోయేది, కోడలు తనదే తప్పనుకుని రెండు రోజులు బాధపడేది. అనుమానించడం మా ఇంట్లో పుట్టిన వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కేకేసి పిలవడం మాత్రం నేను ఆ మిద్దె మీదే నేర్చుకున్నాను. కోడలిని పిలిచాను.