గాలొచ్చిన మర్నాడు పోయే క్లచ్

మా ఆయన పోయాక ఇంట్లో పని చేసేవి రెండే మిగిలాయి. నేనూ, ఆయన మోటారు సైకిలూ. బండి పాతది. దాని మీద కంపెనీ పేరు చెరిగిపోయింది, ఉన్నా నేను చదవలేను. నడపడం మాత్రం ఆయన ఉండగానే నేర్చుకున్నాను. తాగిన రోజుల్లో ఆయన్ను ఇంటికి తెచ్చే మనిషి ఒకరు కావాలి కదా.

ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి తోటలో నాది మోత పని. నూజివీడు షావుకారు ఒకాయన ఆ తోటను కౌలుకు తీసుకున్నాడు. కొమ్మలు కిందికి వేలాడుతుంటాయి, లోపలి చెట్ల దగ్గరకు లారీ రాదు. కోత వాళ్లు దింపిన కాయలను రెండు ట్రేల్లో నింపి, వెనక క్యారియర్‌కు కట్టుకుని, కాలవ గట్టెక్కించి రోడ్డు మీద లారీకి చేరుస్తాను.

ఒక సీజను మధ్యలో బండి గట్టెక్కడం మానేసింది. యాక్సిలేటరు తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, చక్రం మాత్రం వినిపించుకోదు. పైగా మాడిన వాసన. దిగి తోసుకుంటూ ఎక్కించాను. ఆ రోజు ప్రతి ట్రిప్పూ అంతే.

మా మరిది ఆటో నడుపుతాడు. గట్టు మీద ఆటో ఆపి చూశాడు.

“ఆడోళ్లు క్లచ్ పూర్తిగా వదలరు వదినా. సగం పట్టుకునే నడుపుతారు. ప్లేట్లు మాడిపోయుంటాయి,” అన్నాడు.

“నా చెయ్యి నువ్వెప్పుడు చూశావు?”

“చూడాలా ఏంటి? ఉంగుటూరులో ఒకతను పాత బళ్లు కొంటాడు. వీలు చూసి తీసుకొస్తా, ఇచ్చేసెయ్. నువ్వెక్కడికెళ్లాలన్నా నా ఆటో లేదా?”

ఆటో ఉంది. అదే ఇబ్బంది. బండి పోతే తోటలో మోత ఆటోకి పోతుంది. నేను సంతకు వెళ్లాలన్నా, డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నా అతనికి ఎప్పుడు ఖాళీ దొరుకుతుందా అని అరుగు మీద కూర్చోవాలి. అతను మంచివాడే. మంచివాళ్ల కోసం ఎదురుచూడటం ఇంకా కష్టం, తిట్టుకోవడానికి కూడా ఉండదు.

ఆగిరిపల్లిలో మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. అతను ఇంజిన్ పక్క మూత విప్పి ప్లేట్లు తీసి చూపించాడు. పెనం మీద మర్చిపోయిన అట్టులా ఉన్నాయి. కొత్తవి వేశాడు. బండి కొన్నాళ్లు బుద్ధిగా మోసింది. ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చింది. మర్నాడు గట్టు దగ్గర మళ్లీ అదే అరుపు.

పని అయ్యాక షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు.

“నాకు బానే లాగిందక్కా.”

“నాకు లాగలేదు.”

“బరువెక్కువేశావేమో.”

“ట్రేలు రోజూ వేసేవి రెండే.”

ఏదో బిగించాడు. మళ్లీ కొన్నాళ్లు బాగుంది, మళ్లీ పోయింది. నాకు రాసుకోవడం రాదు, అందుకని మర్చిపోవడమూ తక్కువే. బండి మొరాయించిన రోజులన్నీ వరసగా తలుచుకున్నాను. ప్రతి దానికీ ముందు సాయంత్రం గాలి వచ్చింది. ఆ సంగతే మెకానిక్‌కు చెప్పాను. షాపులో ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి మరీ నవ్వారు.

“గాలి పోయిన టైర్లు చూశాం గానీ, గాలొచ్చి పోయిన క్లచ్ ఇదేనక్కా!” అన్నాడు మెకానిక్.

“నవ్వుకో. ఈసారి గాలొస్తే బండిని ఖాళీగా తీసుకురాను.”

ఎక్కువ రోజులు ఆగక్కర్లేకపోయింది. గాలొచ్చిన మర్నాడు లోడు కట్టుకుని, గట్టు వైపు కాకుండా షాపు వైపు తిప్పాను. వెనక రెండు ట్రేలు, ముందు ట్యాంకు మీద గోతం. బండి ఎంత జోరుగా వెళ్లిందంటే, సైకిలు మీద వెళ్తున్న ముసలాయన నన్ను దాటి, వెనక్కి తిరిగి, “తాడు కట్టమంటావా అమ్మా?” అని అడిగాడు.

మెకానిక్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “ఏంటక్కా, సారె తెచ్చినట్టు తెచ్చావ్?”

“ఏదీ దించకు. ఇలాగే చూడు.”

ముందు చక్రం గోడకు ఆనించాడు. గేరు వేసి క్లచ్ వదిలేశాడు. క్లచ్ బాగుంటే, బండి కదలడానికి దారి లేక ఇంజిన్ తన్నుకుని ఆగిపోవాలి. ఆగలేదు. గోడను చూస్తూ హాయిగా తిరుగుతోంది. వెనక ట్రేలు దించాడు. అయినా తిరుగుతోంది. ట్యాంకు మీద గోతం ఎత్తాడు. ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. గోతం పెట్టి మళ్లీ స్టార్టు చేశాడు, ఆగలేదు. తీశాడు, ఆగింది.

“ఈ గోతం రోజూ వేస్తావా?”

“రోజూ ఎందుకు? గాలొచ్చిన మర్నాడే. రాలుకాయలవి.”

రాలిన కాయ దెబ్బ తిని ఉంటుంది. కోసిన కాయల్లో కలిపితే పక్కవాటినీ కుళ్లబెడుతుంది. షావుకారు దాన్ని ట్రేలో పెట్టనివ్వడు. అందుకని రాలుకాయలు విడిగా గోతంలో వేసి, ట్యాంకు మీద నా పొట్టకు ఆనించుకుని తెస్తాను.

మెకానిక్ ట్యాంకు ముందు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. క్లచ్ వైరు దాని మీదుగా పోతోంది. గోతం బరువుకు అది అణిగి బిగుసుకుంటోంది. నా వేళ్లు లివరు మీద లేకపోయినా, క్లచ్‌ను సగం పట్టుకుని కూర్చున్నది గోతం.

“ఇది ట్యాంకు కింద నుంచి పోవాలి. ఎవరేశారక్కా?”

“పాత వైరు తెగినప్పుడు మా మరిది వేశాడు. ఆటో నడుపుతాడు.”

“ఆటోకి బానే వేస్తాడు,” అన్నాడు. పానా అందుకుంటూ, “నేనూ చూశాననుకో. పని చేస్తోందిగా అని వదిలేశా.”

ట్యాంకు విప్పి, కొత్త వైరు కింద నుంచి లాగి, లివరు దగ్గర కాస్త లూజు వదిలాడు. ప్లేట్లు ఇంకా బతికే ఉన్నాయి. గోతం పెట్టి మళ్లీ గోడకు ఆనించాడు. ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే అంత సంతోషపడిన మనుషుల్ని అంతవరకు చూడలేదు.

మర్నాడే మరిది ఉంగుటూరు అతన్ని వెంటబెట్టుకుని తోటకు వచ్చాడు. నేను ట్రేలతో, ముందురోజు మిగిలిన రాలుకాయల గోతంతో వాళ్ల ముందు నుంచే గట్టెక్కి, లారీకి దింపి తిరిగొచ్చాను. వైరు సంగతి చెప్పాను. మరిది తల గోక్కున్నాడు.

“అయితే ఇంకా మంచిదేగా వదినా. బాగున్నప్పుడు అమ్మితేనే రేటొచ్చేది.”

“మాడిందని అమ్మమన్నావు. బాగైందని అమ్మమంటున్నావు. ఏమీ కానప్పుడు ఒకసారి చెప్పు అబ్బాయ్, ఆలోచిద్దాం.”

కొనడానికి వచ్చినతను నవ్వాడు. మరిది నవ్వలేదు. ఇంతలో రోడ్డు మీద లారీ హారను మొదలైంది. కింద కాయలు నింపిన ట్రేలు ఉన్నాయి.

“ఊరికే నిలబడ్డారేంటి, పట్టండి,” అన్నాను.

ఒక కొస మరిది, ఒక కొస ఉంగుటూరు అతను పట్టి ట్రేలను క్యారియర్ మీదకు ఎత్తారు. తాడు బిగించడానికి మరిది చెయ్యి చాచాడు. ఆ తాడు తీసుకుని నేనే కట్టుకున్నాను.